ఫుల్‌స్టాప్‌తో పేచీ

ఇవాళ పొద్దున్నుంచీ ఒకే ప్రోగ్రాం ముందేసుకుని కూర్చున్నాం. వడ్డీ లెక్కగట్టే పాత ప్రోగ్రాం, కోబాల్ అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, దాన్ని జావా భాషలోకి మార్చాలి. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు స్క్రోల్ చేసీ చేసీ విసిగిపోయాడు. "లెక్క చేసేది ఇంతే కదన్నా, దానికి ముందు ఇన్ని డిక్లరేషన్లా?"

నాకు ఆ భాగమే ఇష్టం. డేటా డివిజన్, అంటే ఆ డిక్లరేషన్లుండే భాగం, చదివితే రికార్డులో ఏ అంకె ఎక్కడుందో కళ్లకు కట్టేస్తుంది. ఫీల్డులో ఎన్ని అంకెలు పడతాయో చెప్పేది పిక్. పిక్ 9(7)వి99 అంటే రూపాయలకు ఏడంకెలు, పైసలకు రెండు. జావాలో దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే డబుల్ తీసుకుని 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. బ్యాంకు లెక్కలో అది కుదరదు కాబట్టి దశాంశాలను ఉన్నవి ఉన్నట్టు ఉంచే బిగ్‌డెసిమల్ వాడాలి. కోబాల్‌ది 1959లో వ్యాపార లెక్కల కోసమే మొదలైన పని, అందుకే దశాంశం దానికి పుట్టుకతోనే వచ్చింది.

అందరూ మెచ్చుకునేది మాత్రం ఇంగ్లిష్‌లా ఉంటుందని. గ్రేస్ హాపర్ తయారుచేసిన ఫ్లో-మాటిక్ అనే అంతకుముందరి భాష నుంచి వచ్చిన పద్ధతి అది. మేనేజర్లు కూడా చదువుకోవచ్చని అప్పట్లో ఆశపడ్డారట. చదివిన మేనేజర్‌ని నేనింకా చూడలేదు! పైగా ఇంగ్లిష్ వాక్యంతో పాటు ఫుల్‌స్టాప్ కూడా వచ్చిపడింది. షరతు పెట్టే ఇఫ్ మధ్యలో ఒక చుక్క ఎక్కువ పడితే ఇఫ్ అక్కడితో సరి, కింది లైను షరతుతో పనిలేకుండా నడుస్తుంది. కంపైలర్ నోరెత్తదు. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది అలాంటి చుక్క వల్లే. 1985 స్టాండర్డ్‌లో ఇఫ్ ఎక్కడ ముగిసిందో చెప్పే ఎండ్-ఇఫ్ వచ్చింది గానీ, ఈ ప్రోగ్రాం రాసినవాళ్లు దాని జోలికే పోలేదు.

ఇంకోటి, 1250ని మూడంకెల ఫీల్డులోకి మూవ్ చేస్తే 250 మిగులుతుంది. వెయ్యి పోయిందని ప్రోగ్రాం నడిచేటప్పుడు చెప్పే నాథుడుండడు. వర్కింగ్-స్టోరేజ్‌లో, అంటే ప్రోగ్రాం తన విలువలు దాచుకునే చోట, ఉన్నదాన్ని ప్రోగ్రాంలోని ఏ పేరా (కోడ్ ముక్క) అయినా మార్చేయొచ్చు. వీటిని నేను వెనకేసుకురాను.

సాయంత్రం రాయదుర్గం నుంచి మెట్రోలో ఇద్దరం అమీర్‌పేట దాకా వచ్చాం. కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం దగ్గర ఇప్పుడన్నీ పైథాన్, ఏఐ బోర్డులే. ఒకప్పుడు కోబాల్ నడిచే పెద్ద కంప్యూటర్ల, అంటే మెయిన్‌ఫ్రేమ్ బ్యాచ్‌లో సీటు దొరికితే గొప్ప. కుర్రాడికి అదేం పట్టలేదు, ఇంకా పిక్ దగ్గరే ఉన్నాడు.

"ఆ వి దగ్గర ఫైల్లో చుక్క ఉంటుందా అన్నా?"

"ఉండదు. అంకెలే ఉంటాయి. చుక్క ఎక్కడో మనమే జావాకి చెప్పాలి."

"చెప్పకపోతే?"

"వెయ్యి రూపాయలు లక్ష అవుతాయి."

రేపు జావా ముట్టుకునే ముందు ఆ పిక్‌లన్నీ ఎక్సెల్‌లో ఎక్కించమన్నాను.