సంక్రాంతి మూడు రోజులూ పాత పికప్ వైరింగ్ వెతికాను - నా అనుభవం

మాది ఆకివీడు దగ్గర పల్లెటూరండి. మాకో డీజిల్ పికప్ ఉంది, 2008 మోడల్, 2016లో సెకండ్స్‌లో కొన్నాం. చెరువుల దగ్గర పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయితే రొయ్యలు ట్రేల్లో ఐసు వేసి ప్లాంటుకి తోలడం, వచ్చేటప్పుడు మేత బస్తాలు వేసుకురావడం, కొన్న రోజు నుంచీ దాని పని ఇదే. ఇంజన్‌కి వంక పెట్టక్కర్లేదు. కానీ కిందటి వానాకాలం నుంచి వైరింగ్ మమ్మల్ని తిప్పలు పెట్టేసింది, చివరికి పండగ మూడు రోజులూ బండి కింద పడుకుని నేనే బాగు చేసుకున్నాను. పాత బండి ఉన్నవాళ్ళకి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు జబ్బు చెప్తా. ఒక రాత్రి బండి ఆగితే పొద్దున్న సెల్ఫ్ నీరసంగా తిరిగేది, రెండు రాత్రులు ఆగితే టక్ టక్ అని ఊరుకునేది, ఇక నలుగుర్ని పిలిచి తోయించడమే. బ్రేకు తొక్కితే వెనక ఎడం పక్క ఇండికేటర్ మసగ్గా వెలిగేది, ఇండికేటర్ వేస్తే దాంతోపాటు ఎర్ర లైటు కూడా కొట్టుకునేది. గతుకులో పడితే ఒక్కోసారి హారనూ క్యాబిన్ లైటూ రెండూ ఒకేసారి పోయేవి, ఫ్యూజ్ మారిస్తే వచ్చేవి, ఇంకో గతుక్కి మళ్ళీ పోయేవి. హెడ్‌లైట్లు ఉన్నాయంటే ఉన్నాయి అంతే. మా దగ్గర పట్టుబడులు తెల్లారగట్ల మూడింటికీ నాలుగింటికీ ఉంటాయి, ఎండెక్కేలోపు సరుకు ప్లాంటుకి చేరాలి, చెరువు గట్టు మీద బండి పట్టేంతే దారి, రెండు పక్కలా నీళ్ళు, ఆ గుడ్డి లైట్లతో లోడు బండి తోలుతుంటే తమ్ముడు కిందకి దిగి టార్చి పట్టుకుని ముందు నడిచిన రోజులున్నాయి. అందుకే నేను దీన్ని చిన్న రిపేరు అనుకోలేదు.

ముగ్గురు ఎలక్ట్రీషియన్లకి చూపించాం. ఒకాయన బ్యాటరీ పోయిందన్నాడు, ఏడు వేల చిల్లర పెట్టి కొత్తది వేయించాం, పది రోజులకి అదీ దిగిపోయింది. ఇంకొకాయన డైనమో విప్పి కార్బన్ బ్రష్‌లు, కటౌటు (చార్జింగ్‌ని అదుపు చేసేది) మార్చాడు. మూడో ఆయన పది నిమిషాలు డాష్ కింద ఏదో చేసి "ఇక ఫ్యూజ్ పోదు, పట్టుకెళ్ళండి" అన్నాడు, నిజంగానే పోలేదు, ఎందుకు పోలేదో తర్వాత చెప్తా. ముగ్గురిలో ఒక్కరూ మీటరు పెట్టి కొలిచింది లేదు, నాకు డబ్బులు పోయినదానికంటే అదే ఎక్కువ బాధనిపించింది.

మా ఊళ్ళో ఒకప్పుడు లారీ వైరింగులు చేసిన పెద్దాయన ఉన్నారు, చూపు తగ్గి పని మానేసారు. ఆయన దగ్గర కూర్చుని అంతా చెప్తే విని "ఇన్నాళ్ళూ బండి దేనికి తిప్పావురా?" అనడిగారు. రొయ్యలకి బాబాయ్ అన్నా. "ఉప్పు నీళ్ళు కారిన బండికి పార్టులు మార్చడం కాదు, ముందు ఎర్తులు చూడు, జాయింట్లు చూడు, ఓ మీటరు కొనుక్కురా, ఎలా పెట్టాలో నేను చెప్తా" అన్నారు. 450 పెట్టి డిజిటల్ మల్టీమీటరు కొన్నాను. పండక్కి ఎలాగూ పట్టుబడులుండవు, బండి ఖాళీ.

భోగి రోజు మంట దగ్గర్నుంచి వచ్చి మొదలెట్టాను. ముందు రాత్రి బ్యాటరీ ఫుల్ చార్జింగ్ పెట్టించి రెండు వైర్లూ తీసి పక్కన పెట్టా, పొద్దున్న చూస్తే 12.6 వోల్టులు. అంటే బ్యాటరీ తనంతట తాను దిగట్లేదు, బండే తాగేస్తోంది. వైర్లు బిగించి స్టార్ట్ చేస్తే 14.1 వచ్చింది, అంటే డైనమో చార్జింగ్ బానే ఇస్తోంది. ఐదు నిమిషాల పని అది. మొదటి రోజే ఎవరైనా ఇలా చూసుంటే ఆ ఏడు వేలు మిగిలేవి.

తర్వాత బండి ఆపేసి ఎంత కరెంటు కారిపోతోందో చూడాలి. బ్యాటరీ మైనస్ వైరు విప్పి, మీటరు ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక కొస మైనస్ టెర్మినల్‌కీ ఇంకో కొస విప్పిన వైరుకీ పెట్టాలి, అప్పుడు బండి తాగే ప్రతి చుక్కా మీటరులోంచే వెళ్తుంది. ఇలా పెట్టి ఉండగా తాళం మాత్రం తిప్పకూడదండి, సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది, మీటరు మాడిపోద్ది. మొదట 1.3 ఆంపియర్లు చూపించింది, అరగంట దాని వెనకాల పడ్డాను, తీరా చూస్తే డోరు తీసి ఉండి క్యాబిన్ లైటు వెలుగుతోంది. డోరు వేయగానే 0.9కి దిగింది. ఇలాంటి పాత బండికి అన్నీ ఆపేస్తే 0.05 లోపు ఉండాలని బాబాయ్ చెప్పారు, మాది 0.9. లెక్కేస్తే రోజుకి ఇరవై ఒక్క ఆంపియర్ అవర్లు, మాది 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, రెండ్రోజులకి సగం పైనే ఖాళీ, ఇక సెల్ఫ్ ఎక్కడ తిరుగుద్ది.

మీటరు అలాగే ఉంచి ఫ్యూజులు ఒక్కోటీ పీకుతూ వెళ్ళాలి, ఏది పీకితే అంకె పడిపోతుందో జబ్బు ఆ లైనులో ఉన్నట్టు. ఎర్రవి, పది ఆంపియర్లవి పీకాను, పసుపువి ఇరవైవి పీకాను, కదల్లేదు. నీలం పదిహేను ఉండాల్సిన చోట చూస్తే ఫ్యూజే లేదు. వైరు పోగులు నాలుగు మెలేసి, మడత పెట్టి, రెండు రేకుల మధ్య దూర్చేసున్నాయి. ఇక ఫ్యూజ్ పోదన్నది ఇదన్నమాట. ఒళ్ళు జలదరించిందండి, ఎందుకంటే ఫ్యూజ్ పోవడం జబ్బు కాదు, అది జబ్బుందని చెప్పే కబురు, దాని నోరు కట్టేస్తే తర్వాత కాలేది వైరింగే, వైరింగ్ పక్కనే డీజిల్ పైపు. తమ్ముడూ నేనూ నెలన్నర ఆ బండిలో తిరిగాం. దయచేసి ఎవరూ ఫ్యూజ్ ప్లేసులో వైరు పెట్టనివ్వకండి, ఎంత అర్జంటైనా సరే. ఆ వైరు ముక్క పీకగానే మీటరు 0.03కి పడిపోయింది.

ఆ లైనులో హారన్, క్యాబిన్ లైటు, ఇంకా పాత ఓనరు లోడింగ్ కోసం వెనక బాడీకి పెట్టుకున్న లైటు ఉన్నాయి. లైను మళ్ళీ కలిపి, ముందు రెండింటి కప్లర్లు (వైర్లు కలిపే ప్లగ్గులు) పీకి చూసా, తేడా లేదు. వెనక లైటు మేం ఎప్పుడూ వాడింది లేదు, దాని స్విచ్ వెనక డోరు దగ్గర ఉంది, అంటే స్విచ్ దాకా వైరులో ఇరవై నాలుగు గంటలూ కరెంటే. ఆ వైరు పట్టుకుని చేత్తో తడుముకుంటూ చాసీ వెంట వెనక్కి వెళ్ళా, క్రాస్ మెంబర్ (చాసీ అడ్డ పట్టీ) దగ్గర చాసీకి ఓ రంధ్రం ఉంది, అందులోంచి దూర్చి లాగారు, రబ్బరు బుష్ వెయ్యలేదు. అక్కడ వేలు పెడితే గోరువెచ్చగా తగిలింది. నిజంగా, బండి ఆపి చాలాసేపయింది, ఇంజన్ మంచులా ఉంది, ఆ ఒక్కచోట వెచ్చన. మైనస్ తీసేసి వైరు పక్కకి లాగి టార్చి వేసి చూస్తే పైన తొడుగు అంగుళం మేర అరిగిపోయి, మిగిలిన అంచులు గోధుమరంగుకి తిరిగి పెళుసెక్కి ఉన్నాయి, లోపల రాగి పోగులు పచ్చటి చిలుముతో తుప్పు రేకుకి అంటుకుపోయున్నాయి. పైనుంచి ట్రేల నీళ్ళు సరిగ్గా అక్కడికే కారతాయి. మామూలుగా ఆ తడి తుప్పులోంచి కొంచెం కొంచెం కారుతోంది, గతుకులో పడినప్పుడు రాగి నేరుగా చాసీకి తగిలి పూర్తి షార్ట్ అయ్యి ఫ్యూజ్ కొట్టేస్తోంది. నెలల తరబడి రెండు వేరు వేరు జబ్బులనుకున్నవి ఒక్క అంగుళం వైరులో దొరికాయి.

సంక్రాంతి నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ వైరు మొత్తం పీకేసి, కొత్త వైరు రబ్బరు బుష్ వేసి స్లీవులో దూర్చి లాగాను, స్విచ్ క్యాబిన్‌లోకి మార్చాను, నీలం 15 ఫ్యూజ్ కొత్తది పెట్టాను.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆ రోజు ఎర్తుల పని పెట్టుకున్నా. కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు దాకా వైరులో వెళ్తుంది, తిరిగి రావడం మాత్రం బాడీ రేకు, చాసీ మీదుగా మైనస్‌కి రావాలి. ఆ తిరుగు దారినే ఎర్తు అంటారు, అది చెడితే ఏమవుద్దో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మురుగు బోదె పూడిపోతే నీళ్ళు ఊరుకుంటాయా, పక్కోడి చేలో పడి దారి చూసుకుంటాయి. ఇక్కడా అంతే, ఎడం పక్క లైట్ల హోల్డర్‌కి ఎర్తు లేక బ్రేకు బల్బు కరెంటు పక్కనున్న ఇండికేటర్ ఫిలమెంటులోంచి ఎదురెక్కి, ముందు ఇండికేటర్ దాకా పోయి అక్కడ ఎర్తు వెతుక్కుంటోంది. అందుకే బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలిగేది.

దీన్ని కూడా మీటరే చెప్తుంది. నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కి పెట్టి, పొడుగు వైరు కలుపుకుని ఎర్ర తీగ వెనక హోల్డర్ రేకుకి ఆనించి, "బ్రేకు తొక్కరా" అన్నా. "తొక్కేనన్నయ్యా." 5.2 వోల్టులు. అక్కడ ఇంచుమించు సున్నా ఉండాలి. కుడి పక్క చూస్తే 0.1, అది బానే ఉంది. ఎడం పక్క ఎర్తు బోల్టు విప్పబోతే తల ఊడి చేతిలోకొచ్చింది, కింద థింబుల్ (వైరు కొసకి నొక్కే రింగు) అనేది మిగల్లేదు, ఎర్రటి పొడి అంతే. ఎమరీ పేపరుతో రేకు మెరిసేదాకా రుద్ది, కొత్త థింబుల్ నొక్కి సోల్డరు పెట్టి, బిగించాక పైన వాజలైన్ పూసాను. బాడీని నమ్మకుండా అక్కణ్ణుంచి చాసీకి ఇంకో వైరు కూడా వేసాను. ఇంజన్‌కీ చాసీకీ మధ్య ఉండే జడ వైరు కూడా చిలుమెక్కి సగం తెగుంది, అదీ మార్చేసా, సెల్ఫ్ తిరిగే శబ్దమే మారిపోయింది.

హెడ్‌లైట్లు తర్వాతి ఆదివారం చూసా. ఇంజన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర 14.1, బల్బు దగ్గర 10.9, మూడు వోల్టులు పాత స్విచ్‌లోనూ సన్న వైర్లలోనూ పోతున్నాయి. లో బీమ్‌కొకటి, హై బీమ్‌కొకటి రెండు రిలేలు (స్విచ్ ఇచ్చే చిన్న కరెంటుతో పెద్ద కరెంటు కలిపేవి) పెట్టి, వాటి కాళ్ళ మీదుండే నంబర్ల ప్రకారం స్విచ్ నుంచి వచ్చే వైరు 86కి, ఎర్తు 85కి, బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా లావు వైరు 30కి, 87 నుంచి బల్బుకి ఇచ్చా. ఇప్పుడు 13.4 వస్తోంది, అవే బల్బులు, వెలుగు రెట్టింపు. గట్టు మీద తమ్ముడు దిగి నడవక్కర్లేదు.

మొత్తం ఖర్చు మీటరు, రిలేలతో కలిపి రెండు వేల లోపే అయ్యింది. ఈమధ్య వరసగా మూడ్రోజులు బండి ఆగింది, నాలుగో రోజు చూస్తే 12.5, సగం తాళానికే స్టార్ట్ అయ్యింది. ఇప్పుడు లోడు దించిన ప్రతిసారీ చాసీ మీద మంచినీళ్ళు కొడుతున్నాం.

పని అయ్యాక బాబాయ్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించా. ఆయనకి కనపడదు కదా, వంగి ఒక్కో జాయింటూ వేళ్ళతో తడుముతూ వెనకదాకా వెళ్ళారు. కుడి పక్క లైటు దగ్గర ఆగి "ఇక్కడ టేపు చుట్టి వదిలేసావేంట్రా" అన్నారు. స్లీవు అయిపోయి రేపు వేద్దాంలే అని వదిలేసింది అదొక్కటే. ఆ సాయంత్రమే భీమవరం వెళ్ళి స్లీవు తెచ్చి వేసేసాను.