పక్క సీట్లో బెల్లం

ఆ కారులో సీట్లు రెండే. ఒకటి నాది, రెండోది బెల్లానిది.

బెల్లం మా కుక్క. బీగిల్ పోలికలున్న పదకొండు కిలోల ఆడకుక్క. నాలుగేళ్ల కిందట షెల్టర్ నుంచి తెచ్చుకున్నప్పుడు దాని ఒంటి రంగు చూడగానే మా అనకాపల్లి మార్కెట్లో వరసగా పేర్చిన కొత్త బెల్లం దిమ్మలు గుర్తొచ్చాయి. ఇక పేరు కోసం వెతకలేదు. కారంటే మాత్రం దానికి ప్రాణభయం. మా పెద్ద కారు వెనుక సీట్లో బోను పెట్టి, అందులో కూర్చోబెట్టి ఎన్నిసార్లు తిప్పినా పది నిమిషాలకే చొంగ కార్చేది, వణికేది, చివరకు కక్కుకునేది. దాన్ని ఊరు దాటించే ఆలోచనే మానుకున్నాను.

తరువాత ఒక పాత మాజ్డా మియాటా కొన్నాను. 2001 మోడల్, ఎరుపు రంగు, గుడ్డ టాపు మడిచి వెనక్కి వేసుకునే కారు. ఒకరోజు పెద్ద కారు మరమ్మతుకు వెళ్లింది. టీకా వాయిదా వేయడానికి వీల్లేక బెల్లాన్ని మియాటాలో పక్క సీట్లో కూర్చోబెట్టాను. ఆసుపత్రి ఇరవై నిమిషాల దూరం. అది వణకలేదు. నా వైపు చూసింది, అద్దంలోంచి రోడ్డు వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. సగం దారిలో పెద్దగా నిట్టూర్చి పడుకుంది. నా మొహమూ రోడ్డూ కనబడకుండా వెనుక పడి ఉండటమే దాన్ని అంతకాలం భయపెట్టిందని ఆ రోజు అర్థమై, జాలితో గొంతు పట్టేసింది.

అప్పటి నుంచి ఏడాది పాటు చిన్న చిన్న దూరాలు తిప్పుతూ అలవాటు చేశాను. మొన్న సెప్టెంబర్ చివరి వారంలో మూడు రోజులు సెలవు పెట్టి, కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండలు దాటి మోనో సరస్సు దాకా వెళ్లివచ్చాం. వెళ్లేటప్పుడు సోనోరా కనుమ మీదుగా, వచ్చేటప్పుడు ఎబెట్స్ కనుమ మీదుగా.

రెండు సీట్ల కారులో కుక్కను తీసుకెళ్లాలనుకునే వారికి ముందుగా చెప్పవలసింది ఎయిర్‌బ్యాగ్ సంగతి. వెనుక సీటు లేదు కనుక కుక్క కూర్చునేది ఎయిర్‌బ్యాగ్ ఎదుటే. మనిషిని కాపాడటానికి అంత వేగంతో విచ్చుకునే సంచీ పదకొండు కిలోల ప్రాణిని చంపేయగలదు. నా కారులో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్‌ను తాళంచెవితో ఆపేసే మీట ఉంది. దాన్ని తిప్పి, ఆగిపోయినట్టు దీపం వెలగడం కళ్లారా చూశాకే బండి కదుపుతాను. అలాంటి మీట లేని కారైతే నేను బెల్లాన్ని ఎక్కించేదాన్ని కాదు. రెండోది హార్నెస్. పట్టీని మెడకు కట్టకూడదు. ఛాతీ చుట్టూ వెడల్పుగా వచ్చే హార్నెస్ తొడిగి, దాన్ని సీటు బెల్టుకు బిగించాలి. లేచి కూర్చోవడానికి, చుట్ట చుట్టుకుని పడుకోవడానికి చాలినంత పొడవుంటే చాలు, గేరు మీద కాలు వేసేంత ఉండకూడదు. ఆ కొలత కుదరడానికి నాకు మూడు హార్నెస్‌లు పట్టాయి.

డిక్కీలో పట్టేది ఎంత? అందులోనే స్టెప్నీ టైరు. మిగిలిన చోటులో ఆరు లీటర్ల నీళ్లు, మడత గిన్నె, పూటకొకటి చొప్పున కట్టిన దాని తిండి పొట్లాలు, ప్రథమ చికిత్స పెట్టె, రెండు తువ్వాళ్లు, నా బట్టలు రెండు జతలు. నాకు పులిహోర, దానికి పోపు పెట్టని పెరుగన్నం. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుద్రాక్ష కుక్కకు విషంతో సమానం కనుక మా చద్దిమూటల్లో వాటి జోలికే పోలేదు. సీటు మీద అమ్మ తన పాత చీరలతో కుట్టి పంపిన బొంత నాలుగు మడతలు వేసి పరిచాను. కెమెరా ఇంట్లోనే ఉండిపోయింది. దాని బదులు ఇంకో రెండు లీటర్ల నీళ్లు తీసుకెళ్లాను, ఒక్క క్షణం కూడా చింతించలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు మేముండే ఫ్రీమాంట్‌లో బయలుదేరాం. అంత తొందర ఎండ గురించే. ఆల్టమాంట్ గాలిమరల కొండ దిగితే సెంట్రల్ వ్యాలీ. అక్కడ సెప్టెంబర్‌లోనూ మధ్యాహ్నం కాల్చేస్తుంది. బయట 21 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, మూసిన కారు లోపల అరగంటలో 40 దాకా ఎక్కుతుంది. ఎండలో కారులో జంతువును వదిలివెళ్లడం కాలిఫోర్నియాలో నేరం కూడా. ఇద్దరు మనుషులు వెళ్తే ఒకరు లోపలికి, ఒకరు బయట కాపలా. ఒక మనిషీ ఒక కుక్కా వెళ్తే ఆ వెసులుబాటు లేదు. భోజనం రోడ్డు పక్కనే, మరుగుదొడ్డికి వెళ్లినా దాన్ని వెంటబెట్టుకునే. మూడు రోజుల్లో ఒక్క నిమిషం కూడా మేం ఒకరి కంటికి ఒకరం దూరం కాలేదు.

ఓక్‌డేల్ చుట్టుపక్కల బాదం కోతలు జరుగుతున్నాయి. చెట్టు మొదలు పట్టుకుని కుదిపే యంత్రాల నుంచి లేచిన దుమ్ము, తొలి ఎండలో పసుపు రంగు తెరలా నిలబడింది. అక్కడి దాకా టాపు వేసే ఉంచాను. ఫ్రీవే మీద టాపు తీస్తే ఆ హోరు మనకే భరించరానిది, కుక్క చెవులకు శిక్ష.

సోనోరా ఊరికి ముందు, ఎండిన గడ్డి కొండల దగ్గర కాళ్లు చాపుకోవడానికి ఆగాం. పది నిమిషాల నడక. మళ్లీ బయలుదేరిన కాసేపటికి బెల్లం ముందు కాలు ఆపకుండా నాకడం మొదలుపెట్టింది. చూసీ చూడనట్టు ఊరుకుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. బండి పక్కకు తీసి, ఆ కాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల మధ్య వెంట్రుకలు విడదీసి చూశాను. వేలి మొదట్లో నువ్వుగింజంత ఎర్రటి ఉబ్బు. దాని నడిమధ్యన గడ్డి రంగు ములికి ఒకటి, సూదిమొనంత బయటికి కనిపిస్తోంది. ఫాక్స్‌టెయిల్. ఈ గడ్డి గింజకు ఒకే దిక్కుకు వాలిన సన్నని ముళ్లుంటాయి. లోపలికి పోవడమే తప్ప వెనక్కి రాదు. చర్మంలోకి, అక్కడి నుంచి ఒంట్లోకి పాకిపోతుంది. ఫోను దీపం పళ్ల మధ్య పట్టుకుని, చిన్న పట్టకారుతో ఆ మొనను అందుకున్నాను. మొదటిసారి జారింది. బెల్లం కాలు లాక్కోలేదు. నా మణికట్టు మీద గడ్డం ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తోంది. రెండోసారి వచ్చింది, దాదాపు అంగుళం పొడవున, కొసన చిన్న రక్తపు చుక్కతో. సెలైన్ నీటితో కడిగి, తువ్వాలుతో ఒత్తి, అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. అది నా చెంప నాకింది. వేసవిలో ఈ రాష్ట్రంలో కుక్కతో తిరిగేవారు ప్రతి నడక తరువాతా వేళ్ల సందులు, చెవులు, ముక్కు చూడాలి. నేను ఆ ఒక్క నడక తరువాత చూడలేదు.

పైన్‌క్రెస్ట్ దాటాక చల్లబడింది. టాపు తీసి బెల్లానికి కళ్లద్దాలు పెట్టాను. గాలి వేగానికి పురుగో ఇసుకరేణువో కంట్లో పడితే కంటికే ప్రమాదం. వాటికి అలవాటు పడటానికి దానికి ఒక చలికాలమంతా పట్టింది. రోజూ అన్నం ముందు రెండు నిమిషాలు పెట్టి తీసేదాన్ని.

సోనోరా కనుమ ఎత్తు 9,624 అడుగులు. కొన్నిచోట్ల నూరడుగులకు 26 అడుగులు లేచే ఎక్కుడు. పొడుగు వాహనాలు రావద్దని బోర్డులు పెట్టారు. చలికాలమంతా మంచుతో మూసే ఉంటుంది. మియాటా లాంటి, టన్నుకు కాస్త ఎక్కువ బరువుండే కారుకు ఇంతకన్నా మంచి దారి ఉండదు. దీన్ని రూపొందించినవారు జిన్బా ఇత్తాయ్ అనే జపనీస్ మాటను ఆదర్శంగా పెట్టుకున్నారు. గుర్రమూ రౌతూ ఒక్కటై సాగడమని దాని అర్థం. రౌతు కొద్దీ గుర్రమని మన సామెత. ఆ ఘాట్‌లో రౌతును నేనే, కానీ వేగం నిర్ణయించింది బెల్లం. మలుపులోకి గట్టిగా దూరితే అది సీటు మీద జారి గోళ్లతో బొంతను పట్టుకునేది. మలుపుకు ముందే మెల్లగా బ్రేకు వేసి, గేరు తగ్గించి, స్టీరింగ్‌ను ఒకే తీరుగా తిప్పుతూ పోతే మాత్రం ఒళ్లు కాస్త వాల్చి, మలుపు తిరగగానే నిటారుగా కూర్చునేది. ఒంటరిగా నడిపినప్పుడు నేనెప్పుడూ అంత శ్రద్ధగా నడపలేదు. రెండో గేరుకు చేయి దించిన ప్రతిసారీ చేతి వెనుక దాని తడిముక్కు తగిలేది.

పైన ఆగి నీళ్లు పెట్టాను. రెండు గిన్నెలు తాగింది. ఎత్తుకు ఎగశ్వాస వస్తుందేమోనని చూశాను, లేదు. తల ఎత్తి గాలి పీలుస్తూ ఉత్తరం వైపే చూస్తూ నిలబడింది. అటు నుంచి ఏ వాసన వచ్చిందో నాకు అందలేదు.

అవతలి వైపు దిగుడంతా రెండో గేరులోనే. మెరైన్ సైనికుల కొండ శిక్షణ కేంద్రం దాటి 395 రహదారిలో కలిశాం. బ్రిడ్జ్‌పోర్ట్ దాటి, 8,100 అడుగులకు పైనున్న కాన్వే సమ్మిట్ ఎక్కితే ఆస్పెన్ చెట్లు అప్పుడప్పుడే పసుపు తిరుగుతున్నాయి. కింద మోనో సరస్సు, వెండి పళ్లెంలా.

సరస్సు దక్షిణపు ఒడ్డున పట్టీతో కుక్కను నడిపించవచ్చు. అయితే ఆ నీళ్లు తాగనివ్వకూడదు. సముద్రం కన్నా రెండు మూడు రెట్లు ఉప్పన, పైగా క్షారం. నీటి అడుగున ఊటల్లోని కాల్షియం, సరస్సులోని కార్బనేటు కలిసి తెల్లటి సున్నపు స్తంభాలయ్యాయి. అవి నీళ్లలో పుట్టినవి. ఇప్పుడు గట్టు మీద నిలబడి ఉన్నాయంటే కారణం, 1941 నుంచి లాస్ ఏంజెలెస్ నగరం ఇక్కడి వాగులను మళ్లించుకోవడం. నీటిమట్టం 45 అడుగుల దాకా పడిపోయింది. 1994లో రాష్ట్ర జలమండలి 6,392 అడుగుల మట్టానికి సరస్సును తిరిగి నింపాలని ఆదేశించింది. ఇప్పటికీ అది అంతవరకు రాలేదు. ఆ స్తంభాలను ఫొటోల్లో చూసి ముచ్చటపడ్డ నాకు, వాటి మధ్య నడుస్తుంటే ఎండగట్టిన చెరువులో నడిచినంత దిగులు కలిగింది.

బెల్లం ధ్యాసంతా ఈగల మీదే. నీటి అంచున నల్లటి పట్టీలా కోట్ల కొద్దీ ఈగలు. అది ఒక్క అడుగు వేస్తే ఆ పట్టీ అలలా పక్కకు జరిగి, మళ్లీ దాని వెనుక కలుసుకునేది. ఒక్కటీ మీద వాలదు. ఇక్కడి ఆదివాసులైన కుట్జడికా ప్రజలకు ఆ పేరు ఈ ఈగల ప్యూపాలను, అంటే ఈగగా మారే ముందు దశలో ఉన్నవాటిని, తినడం వల్లే వచ్చింది. బెల్లం అరవలేదు, తరమలేదు. అడుగు వేయడం, ఆగడం, అవి మళ్లీ చేరేదాకా చూడటం. ముప్పావు గంట అదే పని. నేనూ అలాగే నిలబడ్డాను.

ఆ రాత్రి ముందే ఫోనులో మాట్లాడి ఖాయం చేసుకున్న బసవాళ్లు, కుక్కను చూసి గది లేదన్నారు. వాదించే ఓపిక లేక, చీకట్లో ఇంకో రెండు చోట్ల అడిగి, మూడో చోట చిన్న చెక్క గది సంపాదించాను. ఆ ఇంటావిడ బెల్లానికి పాత దుప్పటి ఇచ్చింది. బెల్లం దాని మీద పడుకోకుండా కారులోంచి బొంత తెచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడింది.

రెండో రోజు జూన్ లేక్ చుట్టూ నాలుగు సరస్సుల దారి. మూడో రోజు తిరుగు ప్రయాణం. యోసెమిటీ గుండా వెళ్తే దగ్గరే, కానీ అక్కడ కొండదారుల్లోకి కుక్కలను రానివ్వరు. అంత అందాన్ని దానికి కారులోంచి చూపించి తీసుకుపోవడం నాకు నచ్చలేదు. ఉత్తరంగా పోయి మానిటర్ కనుమ, ఆపైన ఎబెట్స్ కనుమ ఎక్కాం. అక్కడ రోడ్డు మధ్య గీత కూడా ఉండదు. ఎదురుగా బండి వస్తే పెద్ద కార్లు వెనక్కి పోవలసిందే. మేం మాత్రం అంచున ఒదిగి ఆగాం, వాళ్లు చేయి ఊపి పోయారు. బెల్లం ప్రతి ఒక్కరినీ తల తిప్పి చూసింది.

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. గ్యారేజీలో ఇంజను ఆపగానే ఫోను మోగింది. అనకాపల్లిలో ఉదయం తొమ్మిదిన్నర, అమ్మ పూజ ముగించి ఉంటుంది. మూడు రోజుల కిందట, "కుక్క కోసం అంత దూరమా అమ్మాయ్" అని కోప్పడింది.

"చేరారా ఇద్దరూ?" అంది.

"చేరామమ్మా."

వీడియోలో పక్క సీటు చూపించమంది. బెల్లం గాఢనిద్రలో ఉంది, ముందు కాలు బొంత అంచు మీద చాచి. వెంట్రుకల్లో మోనో ఒడ్డు బూడిదరంగు ఇసుక.

"ఆ కాలేనా ముల్లు గుచ్చుకుంది? దగ్గరగా చూపించు," అంది అమ్మ.