రిటైరయ్యాక క్యాంపస్ నెట్: ఆ రుసుము అసలు దేనికి?

యూనివర్సిటీ ఉద్యోగం ముగిసేటప్పుడు చేతికొచ్చే కాగితాల్లో చాలాచోట్ల ఓ వాక్యం ఉంటుంది: నెట్ సదుపాయం కొనసాగాలంటే ఏటా ఇంత కట్టాలి అని. కట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే. నెట్ అంటే ఏది? క్యాంపస్ వైఫై, యూనివర్సిటీ మెయిల్, ఇంటి నుంచి జర్నళ్లు చదివే వీలు, లైసెన్సు సాఫ్ట్‌వేర్. ఈ నాలుగింటికీ ఖర్చులు వేరు, చూసుకునే విభాగాలు వేరు. రసీదులో మాత్రం అన్నీ ఒకే పద్దు కింద పడతాయి.

వైఫైతో మొదలుపెడదాం. యూనివర్సిటీ బయటి ఇంటర్నెట్ లింకును కొనేది రద్దీ వేళకు సరిపడే సామర్థ్యం లెక్కన. వారానికోసారి లైబ్రరీకి వచ్చి మెయిల్ చూసుకునే రిటైర్డ్ ఉద్యోగి వల్ల ఆ లెక్క మారదు. మోడెమ్‌ల కాలంలో సంగతి వేరు. ఇంటి నుంచి ఫోన్ చేసి కనెక్ట్ అయితే, పెట్టేసేదాకా ఆ లైన్ ఆ ఒక్కరిదే. టెలిఫోన్ సంస్థ ఇచ్చే ఒక ఈ1 అనే డిజిటల్ లైన్ మీద ఒకేసారి 30 కాల్స్ పడతాయి. 31వ మనిషికి ఎంగేజ్ టోనే. అప్పట్లో రుసుమో, గంటల పరిమితో పెట్టారంటే అర్థముంది. మోడెమ్‌లు పోయినా రుసుము పద్దు మిగిలిపోయిన చోట్లు ఉన్నాయి. ఉత్త వైఫైకే డబ్బు అడుగుతుంటే కారణం రాతపూర్వకంగా అడగడంలో తప్పేమీ లేదు.

ఒకే లాగిన్‌తో ఏ సభ్య యూనివర్సిటీలోనైనా వైఫై వాడుకునే ఏర్పాటు ఎడ్యురోమ్. 2002లో యూరప్‌లో మొదలైన ఇది చాలా క్యాంపస్‌లలో ఉంది. వేరే యూనివర్సిటీకి వెళ్లినప్పుడు కూడా మీ లాగిన్‌ను సరిచూసేది మీ సొంత యూనివర్సిటీలో లాగిన్లు సరిచూసే రేడియస్ సర్వరే. అందుకే అక్కడ కనెక్ట్ కాకపోతే అక్కడి హెల్ప్‌డెస్క్‌తో వాదించి లాభం లేదు, ముందు మీ సొంత యూనివర్సిటీ అకౌంట్ బతికుందో లేదో చూడాలి. తరచూ జరిగే పొరపాట్లు మూడు. యూజర్‌నేమ్ చివర ఎట్ గుర్తు (@), యూనివర్సిటీ డొమైన్ లేకుండా కొట్టడం మొదటిది. సొంత క్యాంపస్‌లో అది ఒక్కోసారి పనిచేస్తుంది, బయట అస్సలు చేయదు. రెండోది, పోర్టల్‌లో పాస్‌వర్డ్ మార్చి ఫోన్‌లో పాతదే వదిలేయడం. ఫోన్ ఆ పాతదాన్నే మళ్లీ మళ్లీ పంపి అకౌంట్‌ను లాక్ చేయించుకుంటుంది. మూడోది సర్టిఫికెట్, అంటే అవతల ఉన్నది నిజంగా మీ యూనివర్సిటీ సర్వరే అని ఫోన్‌కు చూపే డిజిటల్ పత్రం; దాన్ని ఫోన్‌లో సరిగ్గా పెట్టకపోవడం. ఆండ్రాయిడ్ 11 తర్వాత చాలా ఫోన్లలో దాన్ని 'సరిచూడొద్దు' అని వదిలేసే వీలు తీసేశారు. యూనివర్సిటీ ఇచ్చే ఇన్‌స్టాలర్ వాడితే ఈ మూడూ ఒకేసారి తీరతాయి.

అసలు ఖర్చంతా జర్నళ్లది. ప్రచురణ సంస్థలు చాలావరకు విద్యార్థులు, బోధకుల సంఖ్యను బట్టి ధర కడతాయి. ఒప్పందంలో 'అధీకృత వినియోగదారులు' అనే నిర్వచనం ఉంటుంది. కొన్ని ఒప్పందాలు రిటైర్డ్ ఉద్యోగుల్ని పేరుపెట్టి చేరుస్తాయి, కొన్ని చేర్చవు. మీరు కట్టే రుసుము ఆ నిర్వచనాన్ని మార్చలేదు. వీపీఎన్ (ఇంటి కంప్యూటర్‌ను క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉన్నట్టు చూపే కనెక్షన్) కనెక్ట్ అవుతుంది, వ్యాసం మీద నొక్కితే మాత్రం డబ్బు కట్టమంటుంది అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. ప్రచురణ సంస్థలు పాఠకుణ్ని గుర్తుపట్టేది కంప్యూటర్ నెట్ చిరునామా, అంటే ఐపీ చూసి. రిటైరైన వాళ్లకు వేరే ఐపీ చిరునామాల గుంపు కేటాయించి, దాన్ని ఆ సంస్థలకిచ్చే జాబితాలో చేర్చరు. వీపీఎన్ బాగానే ఉంటుంది, హక్కే లేదు. లాగిన్ ద్వారా ఇచ్చేచోట కూడా అంతే: మీ రికార్డు 'మెంబర్' అని ఉంటే తలుపులు తెరుచుకుంటాయి, 'అఫిలియేట్' అనో 'అలమ్' అనో ఉంటే చాలావాటికి తెరుచుకోవు. కాబట్టి ఈ ప్రశ్న ఐటీ వాళ్లను కాదు, లైబ్రరీలో ఎలక్ట్రానిక్ వనరులు చూసేవారిని అడగాలి. 'నా అకౌంట్ ఏ వర్గం కింద వస్తుంది, ఏయే డేటాబేస్‌లు బయటినుంచి పనిచేస్తాయి?' అంతే. జవాబు జాబితా రూపంలో తీసుకోండి.

లైబ్రరీలోకి నడిచివచ్చి అక్కడి కంప్యూటర్ మీద చదువుకునే ఎవరికైనా చాలా ఒప్పందాలు అనుమతిస్తాయి. క్యాంపస్‌కు దగ్గర్లో ఉండేవారికి పెన్‌డ్రైవ్, కాస్త ఓపిక ఉంటే వీపీఎన్ రుసుముతో పనే ఉండకపోవచ్చు.

మెయిల్ ఒకప్పుడు జీవితాంతం ఉచితమన్నారు, ఇప్పుడు ఎందుకు బిగిస్తున్నారు? విద్యాసంస్థలకు ఇచ్చిన అపరిమిత స్టోరేజీని గూగుల్ ఎత్తేసింది. 2022 నుంచి సంస్థ మొత్తానికి మూల పరిమితి 100 టెరాబైట్లు. 2024లో మైక్రోసాఫ్ట్ కూడా అదే దారి పట్టింది. 20,000 అకౌంట్లున్న చోట 100 టెరాబైట్లంటే తలకు 5 గిగాబైట్లే. పాతికేళ్ల అటాచ్‌మెంట్లను మోసే మెయిల్‌బాక్స్ మీదే ముందుగా కన్ను పడుతుంది. ఖాళీ చేసి చిన్న కోటాకు ఒప్పుకుంటే రుసుము తగ్గుతుందేమో అడిగి చూడండి. లేదంటే మెయిల్‌బాక్స్ వదిలేసి, చిరునామా మాత్రం ఉంచి సొంత మెయిల్‌కు ఫార్వర్డ్ చేయమనండి. ఇందులో ఒక చిక్కుంది. ఫార్వర్డ్ అయిన ఉత్తరం పంపినవారి సర్వర్ నుంచి నేరుగా వచ్చినట్టు కనబడదు, పంపిన సర్వర్ అసలుదేనా అని చూసే ఎస్‌పీఎఫ్ పరీక్షలో తప్పవచ్చు, కొన్ని స్పామ్‌లో పడతాయి. స్పామ్ ఫోల్డర్ చూసే అలవాటు లేనివారికి ఈ మార్గం వద్దు.

ఇక తేదీల గొడవ. చాలాచోట్ల హెచ్ఆర్ (సిబ్బంది విభాగం) రికార్డులో మీ హోదా మారిన రాత్రే గుర్తింపు వ్యవస్థ దాన్ని చదివి అకౌంట్‌ను తనంతట తాను మూసివేతకు పంపుతుంది. ఏ మనిషీ కూర్చుని నొక్కడు. చివరి పనిరోజుకు ముందే 'రిటైర్డ్' అని ఎక్కకపోతే, రాజీనామా చేసి వెళ్లినవారి వరుసలో కలిసిపోతారు. తొలగించిన అకౌంట్‌ను అడ్మిన్ వెనక్కి తేగలిగేది గూగుల్‌లో 20 రోజుల్లోపు, మైక్రోసాఫ్ట్‌లో 30 రోజుల్లోపు. ఆ తర్వాత ఎంత రుసుము కట్టినా పాత ఉత్తరాలు రావు.

అందుకే మూడు నెలల ముందు మొదలుపెట్టండి. యూనివర్సిటీ మెయిల్‌తో తెరిచిన లాగిన్లన్నీ ఒక కాగితం మీద రాయండి: బ్యాంకు, పెన్షన్ పోర్టల్, ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య ఇచ్చే సైట్), జర్నళ్ల సమీక్ష సైట్లు. ఆర్కిడ్‌లో రెండో మెయిల్ చేర్చడం రెండు నిమిషాల పని. చేర్చకుండా పాతది పోతే తలనొప్పి. ఉత్తరాలు దించుకునేటప్పుడు థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ఐమ్యాప్ పద్ధతి పెట్టి ఊరుకోవద్దు. అది సర్వర్‌కు అద్దం లాంటిది, అక్కడ ఖాళీ అయితే ఇక్కడా ఖాళీ. 'లోకల్ ఫోల్డర్స్'లోకి కాపీ చేయాలి, అదీ ఏడాదికొక ఫోల్డర్ చొప్పున. లక్ష ఉత్తరాల్ని ఒకేసారి లాగితే మధ్యలో ఆగిపోయి ఏవి వచ్చాయో ఏవి రాలేదో తేలదు. సహోద్యోగులతో పంచుకున్న ఫైళ్లు మీ పేరున ఉంటే వాటి యాజమాన్య హక్కు వాళ్లకు మార్చండి, లేకుంటే మీ అకౌంట్‌తో పాటు అవీ పోతాయి.

పాస్‌వర్డ్ తర్వాత జరిగే రెండో అంచె ధ్రువీకరణ ఆఫీసు బల్ల మీది ఫోన్‌కు కట్టి ఉంటే, గది ఖాళీ చేసిన రోజే లాగిన్ పోయినట్టు. ముందే సొంత ఫోన్‌కు మార్చి, బ్యాకప్ కోడ్‌లు ప్రింటు తీసి పెట్టుకోండి. ఇంటి ల్యాప్‌టాప్‌లో క్యాంపస్ లైసెన్సుతో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఆఫీస్, విండోస్ ఉంటే ఇంకో సంగతి: కేఎంఎస్ పద్ధతిలో, అంటే సంస్థ సొంత సర్వర్ ద్వారా యాక్టివేట్ చేసినవి 180 రోజుల్లోగా క్యాంపస్ సర్వర్‌ను పలకరించలేకపోతే చెల్లుబాటు పోతుంది. పరికరం చెడిందని ఎవరికో చూపిస్తుంటారు. చెడలేదు, గడువు తీరింది.

ఇంకా పరిశోధక విద్యార్థులకు మార్గదర్శకులుగా ఉన్నవారు, పాఠాలు చెప్పేవారు రిటైర్డ్ రుసుము కట్టేముందు గౌరవ నియామకం గురించి విభాగాధిపతిని అడగాలి. ఎమెరిటస్‌లకు (రిటైరయ్యాకా గౌరవ హోదాలో కొనసాగే ప్రొఫెసర్లకు) ఉచితంగా దొరికేది హోదా చూసి మాత్రమే కాదు, జీతం లేకపోయినా వారి రికార్డు హెచ్ఆర్‌లో సజీవంగా ఉంటుంది కాబట్టి. ఏటా ఒక సంతకంతో లైబ్రరీ హక్కు కూడా కలిసి రావచ్చు. ఆఫీసు సిబ్బందికి ఈ దారి దొరకడం అరుదు, ఇది న్యాయంగా నాకు తోచదు.

రుసుము కట్టేవారు నాలుగు విషయాలు కాగితం మీద తీసుకోండి: ఏయే సేవలు, ఏ తేదీ నుంచి ఏ తేదీకి, గడువు దాటితే ఎన్ని రోజుల సడలింపు, హెల్ప్‌డెస్క్ సాయం ఇందులో ఉందా లేదా. పునరుద్ధరణ మెయిల్‌లోని లింకు మాత్రం నొక్కవద్దు. 'మీ రిటైర్డ్ అకౌంట్ రేపటితో ముగుస్తుంది, ఇక్కడ చెల్లించండి' అనేది మోసగాళ్లకు దొరికిన మంచి ఎర, నిజమైన నోటీసు కూడా అచ్చం అలాగే ఉంటుంది. పోర్టల్ చిరునామా మీరే టైప్ చేసి లోపలికి వెళ్లి చూడండి. బకాయి నిజమైతే అక్కడ కనిపిస్తుంది.