రబ్బరుతో చెరిపిన వాక్యం

పన్నెండు కావస్తోంది. ఆయన, పిల్లలు ఎప్పుడో పడుకున్నారు. చిన్నోడి నోటుబుక్కు నా ముందే ఉంది. అందులో ఒక వాక్యాన్ని వాడు పొద్దున రబ్బరుతో చెరిపి కొత్తది రాశాడు. చెరపమన్నది నేనే. కానీ పెన్సిలు గట్టిగా నొక్కి రాసే అలవాటు వల్ల పాత వాక్యం దీపం కింద పెడితే ఇంకా చదవడానికి వస్తోంది.

అంతరిక్షం మీద ఒక కథ రాసి తెమ్మని బడిలో చెప్పారట. వాడు రెండు నక్షత్రనౌకల కథ రాశాడు. మొదటి నౌకలో వింత జ్వరం పాకుతుంది, ఉన్నది ఒకే డాక్టరమ్మ. ఆమె భర్త, పిల్లలు ఆ నౌకలోనే ఉంటారు. తల్లి మాత్రం వెనుక వస్తున్న రెండో నౌకలో ఉంటుంది. రెండింటి మధ్య రాకపోకలకు ఒక చిన్న వాహనం ఉంటుంది. జ్వరం ముదిరిన రోజునే తల్లి పోయిందన్న కబురు వస్తుంది. అక్కడ వాడు ఇలా రాశాడు: "డాక్టరమ్మ ఏడవలేదు. చేతులు కడుక్కుని పక్క మంచం దగ్గరికి పోయింది."

పొద్దున ఉగ్గాని తింటూ కథంతా చదివి వినిపించాడు. ఎక్కడా తడబడకుండా చదివాడు, సంతోషించాను. ఆ వాక్యం దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది.

"ఎందుకు ఏడవదురా? కన్నతల్లి కదా!"

"ఏడిస్తే పేషెంట్లను ఎవరు చూస్తారమ్మా? నువ్వూ ఏడవలేదంట కదా. ఆదోని అవ్వ చెప్పింది."

ఆదోని అవ్వ అంటే మా పెద్దమ్మే. ఐదేళ్లుగా ఏ పెళ్లికి వెళ్లినా, ఏ నామకరణానికి వెళ్లినా ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అందరికీ చెప్పే మాట ఒకటుంది: "తల్లి పోయిందని తెలిసినా మా పాప డ్యూటీ ఇడిసిపెట్టలేదు, మనసు రాయి చేసుకునింది." ఆమె ప్రేమతోనే అంటుందని నాకు తెలుసు. అయినా ఆ పొగడ్తను నేను భరించలేను. తమ్ముడు ఒకసారి నన్ను నిందించాడు. నిందకు జవాబు చెప్పవచ్చు, గొడవ పడవచ్చు, ఆ తర్వాత ఇద్దరమూ కలిసి ఏడవవచ్చు. మేము ఆ మూడూ చేశాము. పొగడ్తకు అలాంటి దారి లేదు. తల వంచుకుని కూర్చోవాలి, ఎదుటివాళ్లు చేతులు జోడిస్తే మనమూ జోడించాలి. ఇప్పుడు ఆ మాట నా కొడుకు నోటుబుక్కులోకి కూడా చేరిందని తెలిసేసరికి, పెద్దమ్మ మీద రావలసిన కోపమంతా పసివాడి మీద చూపించాను.

అంతటితో ఆగకుండా వాడికి పాఠం కూడా చెప్పాను. అంతరిక్షంలో కన్నీరు కిందికి జారదని, కంటి దగ్గరే నీటి బుడగలా పేరుకుపోతుందని చెప్పాను. 2011లో ఆండ్రూ ఫ్యూస్టెల్ అనే వ్యోమగామి అంతరిక్ష కేంద్రం బయట పని చేస్తుండగా కంట్లో ఏదో పడి నీళ్లొస్తే, హెల్మెట్ లోపలికి చెయ్యి పోదు కాబట్టి, చెవుల ఒత్తిడి సర్దుకోవడానికి ముక్కు మూసుకునేందుకు అందులో అమర్చిన స్పాంజి ముక్కకే కన్ను రుద్దుకోవలసి వచ్చిందని చెప్పాను. అంతరిక్ష కేంద్రంలో ఉండిపోయిన డేనియల్ టాని అనే మరో వ్యోమగామి సంగతి కూడా చెప్పాను. ఆయనను ఇంటికి తీసుకురావలసిన షటిల్ నౌక 2007 డిసెంబరు 6న బయలుదేరవలసింది. ఇంధన ట్యాంకు సెన్సార్లు సరిగా పనిచేయక ఆగిపోయింది. డిసెంబరు 19న ఆయన తల్లి కారును రైలు ఢీకొని ఆమె చనిపోయింది. షటిల్ ఫిబ్రవరి 7న గాని బయలుదేరలేదు. ఈలోగా జనవరి 30న ఆయన కమాండర్ పెగ్గీ విట్సన్‌తో కలిసి కేంద్రం బయటికి వెళ్లి, ఏడు గంటలకు పైగా పనిచేసి, సౌర ఫలకాలను తిప్పే మోటారును మార్చాడు. నేల మీద కాలు పెట్టింది ఫిబ్రవరి 20న. "ఆయన మాత్రం ఏడ్చి ఉండడా?" అని అడిగాను. వాడు ఏమీ మాట్లాడకుండా వెళ్లి రబ్బరు తెచ్చుకున్నాడు.

ఇవన్నీ నేను 2021 తర్వాత వెతికి వెతికి చదివినవి. అంతరిక్ష కేంద్రంలో ఒకరికి మెడ సిరలో రక్తం గడ్డకట్టిందని, వైద్యులు భూమి మీదే ఉండి సలహాలిచ్చారని, ఉన్న ఇంజెక్షన్లు చాలవని మోతాదు తగ్గించి సర్దారని, మాత్రలు తర్వాతి సరఫరా నౌకలో వచ్చాయని చదివిన రోజు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అది రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపారిన్, 2021 మే నెలలో మా కొవిడ్ వార్డులో రోజూ మా చేతుల మీదుగా వెళ్లిన మందే.

అమ్మ పోయిన రోజు నాది ఉదయం డ్యూటీ. ఒళ్లంతా కప్పే సూటు వేసుకున్నాక మనిషిని మనిషి గుర్తుపట్టలేము కాబట్టి వీపు మీద మార్కరుతో పేర్లు రాసుకునేవాళ్లం. ఫోన్లు ప్లాస్టిక్ కవరులో ఉండేవి. పది నలభైకి తమ్ముడి ఫోను వచ్చింది. కవరు మీద వేలు జారి రెండుసార్లు ఎత్తలేకపోయాను. అమ్మది కొవిడ్ కాదు, గుండె. పూజగదిలో దీపం పెట్టి, అక్కడే కూర్చుని, ఇక లేవలేదు. నేను "ఊఁ" అన్నాను. ఎదురుగా మంచం మీది పెద్దాయన ఆక్సిజన్ సాచురేషన్ ఎనభై రెండుకు పడిపోయింది. వెళ్లి బోర్లా తిప్పి పడుకోబెట్టాను. కళ్లద్దాల లోపల ఆవిరి పట్టింది. అది చెమటో కన్నీరో ఈ రోజుకీ చెప్పలేను, తుడుచుకునే వీలు లేదు. సాయంత్రం నాలుగింటికి తమ్ముడు వీడియో కాల్‌లో అమ్మను చూపించాడు. నెట్‌వర్కు సరిగా లేక అమ్మ ముఖం మధ్యలోనే ఆగిపోయింది.

ఇంతవరకు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరికీ చెప్పనిది ఒకటుంది, ఈ రాత్రి రాయడానికి కూర్చున్నది అందుకే.

నాకు సెలవు దొరకలేదనే ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నేను అలా అనలేదు, కాదని కూడా అనలేదు. నిజానికి ఇన్‌చార్జి సిస్టర్ నా భుజం పట్టుకుని "నువ్వు పోమ్మా, ఎవర్నో ఒకర్ని నేను సర్దుతా" అన్నది. అప్పట్లో మధ్యాహ్నం పన్నెండుకు కర్ఫ్యూ మొదలయ్యేది. ఆదోని కారులో రెండు గంటల పైచిలుకు. అప్పుడే బయలుదేరినా దారిలో పన్నెండు దాటేది, కానీ ఆసుపత్రి గుర్తింపు కార్డు చూపిస్తే పోలీసులు వదిలేవారు. వెళ్లగలిగి ఉండేదాన్ని. టాని ఉన్నచోటి నుంచి దిగే దారి లేదు. నాకు ఉంది. ఇన్నాళ్లూ ఆయన కథ చదువుకుంటూ నన్ను నేను ఆయన పక్కన కూర్చోబెట్టుకున్నాను, అది సరికాదు.

నలభై మంచాలకు ముగ్గురమే ఉన్నామన్నది అబద్ధం కాదు, అందుకే ఆగానన్నదీ అబద్ధం కాదు. కానీ ఆదోని వెళ్తే అమ్మ లేని మిద్దె చూడాలి. వార్డులో ఉన్నంతసేపు అమ్మ ఆ మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటూ ఉన్నట్టే ఉండేది. నేను ఆ పెద్దాయన మంచాన్ని పట్టుకున్నది ఆయన కోసం ఎంతో, నా కోసం అంత.

ఇప్పుడు నోటుబుక్కు మళ్లీ తెరిచి చూస్తే, నేను చెరిపించిన వాక్యమే సరిగ్గా ఉందనిపిస్తోంది. కొత్తగా రాసినది "డాక్టరమ్మ బాగా ఏడ్చింది, తర్వాత పని చేసింది" అని ఉంది. అది నన్ను సంతోషపెట్టడానికి రాసినది. వాడి డాక్టరమ్మకు కూడా వెళ్లడానికి చిన్న వాహనం ఉంది, ఆమె ఎక్కలేదు, ఎందుకు ఎక్కలేదో వాడు రాయలేదు. నేను అడిగిన ప్రశ్నే తప్పు. ఏడవడం గురించి అడిగాను, వాహనం గురించి అడగలేదు.

పొద్దున లేవగానే పాతదే మళ్లీ రాసుకోమని చెప్తాను. వచ్చే గురువారం అమ్మ తిథి. ఆ వారమంతా నాకు నైట్ డ్యూటీ వేశారు. మూడు రోజులుగా ఆ చార్టు ముందు నుంచి నడుస్తూ కూడా మార్చమని నేను ఎవరినీ అడగలేదు. రేపు డ్యూటీ మారే వేళకు ఇన్‌చార్జి సిస్టర్ వస్తుంది, అడుగుతాను.