ఫుల్ ట్యాంక్, జయపురం నుంచి మోటు దాకా

మా తణుకు వైపు బైకులో ఫుల్ ట్యాంక్ కొట్టించేవాళ్లు తక్కువ. నాలుగడుగులకో బంకు ఉన్నచోట పదిహేను లీటర్లు కాళ్ల మధ్య పెట్టుకుని తిరగాల్సిన అవసరం ఎవరికుంటుంది? వంద కొట్టు, రెండొందలు కొట్టు, అంతే. ఒడిశాలో ఉద్యోగానికి వచ్చాకే నాకు ఆ మాట అలవాటైంది. ఇప్పుడు బంకులో బండి ఆపితే కుర్రాడు అడగకముందే నోట్లోంచి వచ్చేస్తుంది, ఫుల్ అని.

నేను మందుల కంపెనీలో రెప్‌ని. హెడ్‌క్వార్టర్ జయపురం, కోరాపుట్ జిల్లా. ఇక్కడి బజారులో చాలా కొట్లలో తెలుగులోనే బేరమాడొచ్చు. టిఫిన్ దగ్గర్నుంచి గది అద్దె దాకా తెలుగుతోనే నెట్టుకురావచ్చు. జయపురం వరకు ప్రవాసం అనిపించదు. ఆ మాటకి అర్థం తెలిసేది టూర్ ప్రోగ్రామ్‌లో మోటు లైను పడినప్పుడే. బైపారిగూడ, గోవిందపల్లి ఘాట్, మల్కన్‌గిరి, కలిమెల, చివరికి మోటు. అంతా 326 నంబరు జాతీయ రహదారి. పోను దాదాపు 200 కిలోమీటర్లు, రాను మరో 200. మోటు ఒడిశాకి దక్షిణపు కొస. సీలేరు వచ్చి శబరిలో కలిసేది అక్కడే. ఇటు ఒడ్డు ఒడిశా, ఒక అవతలి ఒడ్డు ఆంధ్ర, ఇంకో అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్‌లోని కుంట.

దారిలో ఎంవీ (మల్కన్‌గిరి విలేజ్) అనే రెండక్షరాలు, పక్కన ఒక నంబరు, అదే పేరుగా ఉన్న ఊళ్లు వస్తాయి. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకి కట్టిచ్చిన ఊళ్లవి. అక్కడి మెడికల్ షాపులో బెంగాలీ ఆయన, నేను గోదావరి యాసలో హిందీ మాట్లాడుకుంటూ దగ్గు మందు ఆర్డరు రాసుకుంటాం. ఆయన తాతల ఊరు నేను చూడలేదు, మా ఊరు ఆయన చూడలేదు. స్కీము, అంటే ఇన్ని కొంటే ఇన్ని ఉచితం, ఎంతిస్తావన్నది మాత్రం ఇద్దరికీ బాగా అర్థమవుతుంది.

నా బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న హిమాలయన్ 411. ట్యాంకు 15 లీటర్లు. ఈ రోడ్ల మీద లీటరుకి సుమారు 30 ఇస్తుంది. అంటే లెక్క ప్రకారం 450. మోటు వెళ్లి రావడానికి 400 పోగా చేతిలో ఉండేది యాభై. దారిలో బంకులు లేవని కాదు, ఉన్నాయి. కాకపోతే ఒకచోట స్టాకు ఉండదు, ఒకచోట కరెంటు ఉండదు, బంద్ పిలుపు ఉన్నరోజు ఏ బంకూ తెరవరు. అందుకే ఆ యాభై కిలోమీటర్లు నాకు చాలా ముఖ్యం. అవి నిజంగా ట్యాంకులో ఉన్నాయా, కాగితం మీదే ఉన్నాయా అన్నది జయపురం బంకులో పెట్రోలు కొట్టేవాడి చేతిని బట్టి ఉంటుంది.

బంకు గన్ను దానంతటదే ఎలా ఆగుతుందో తెలిస్తే ఈ గొడవంతా అర్థమవుతుంది. గన్ను గొట్టం కొసలో చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు వేగంగా పారుతున్నంతసేపూ ఆ రంధ్రంలోంచి లోపలికి గాలి లాగుతుంటుంది. ట్యాంకులో పెట్రోలు పైకొచ్చి ఆ రంధ్రాన్ని కప్పేసిందా, గాలి అందదు, లోపలి పొర గుంజుకుంటుంది, లివరు టక్కుమని వదిలేస్తుంది. కార్లకైతే ఇది చక్కగా పనిచేస్తుంది. బైకు ట్యాంకు అలా కాదు. పొట్టిగా, వెడల్పుగా, కింద ఫ్రేము పోవడానికి మధ్యలో బోలుగా ఉంటుంది. గన్ను గట్టిగా నొక్కితే పెట్రోలు అడుగుకి తగిలి నురగలు కడుతుంది. ఆ నురగే రంధ్రాన్ని కప్పేస్తుంది. ట్యాంకులో ఇంకా రెండు లీటర్ల చోటున్నా టక్కుమంటుంది.

కుర్రాడు దాన్నే ఫుల్ అంటాడు. టక్కుమనగానే మీటరు వంక చూస్తాడు. 1,174 అని ఉంటే ఇంకో రెండుసార్లు చిటుకు చిటుకుమని నొక్కి 1,200 చేస్తాడు. "హెయిగలా సార్" అంటాడు, అయిపోయిందని. వాడి దృష్టిలో ఫుల్ అంటే అంకె రౌండు కావడం. ఇంకా పడుతుంది బాబూ అంటే పొంగిపోతుందని భయపెడతాడు. వెనక ఆటోవాడు హారన్ కొడుతుంటాడు. మొహమాటపడి డబ్బులిచ్చి బయల్దేరేవాళ్లే ఎక్కువ.

అందుకే నేను ఊరి బయట ఉన్న ఒక బంకుకే పోతాను. అక్కడ పొద్దుటి డ్యూటీలో ఒక పెద్దాయన ఉంటాడు. బొబ్బిలి వైపు మనిషి. కుర్రతనంలో ఎవరి లారీ మీదనో క్లీనరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వీపున శాంపిల్స్ బ్యాగుతో పాటు రెండో బ్యాగు కూడా కనపడితే ఆయనకి సంగతి తెలిసిపోతుంది.

"ఏటి బాబూ, మోటేనా?"

"అవును మావయ్యా. ఫుల్ కొట్టండి."

"అయితే దిగు. సైడ్ స్టాండ్ కాదు, సెంటర్ స్టాండెయ్యి. ఒరిగిన కుండలో ఎంతని పోస్తాం?"

సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకి ఒరుగుతుంది. మూత మధ్యలో ఉంటుంది కాబట్టి కుడివైపు మీదకి లేచిన భాగంలో గాలి ఇరుక్కుపోతుంది. బండి నిటారుగా ఉంటేనే రెండు వైపులా సమంగా నిండుతుంది. కొన్ని టూరింగ్ బళ్లకి అసలు సెంటర్ స్టాండే ఉండదు. వాటి మీద వచ్చినవాళ్లని ఈయన దిగనివ్వడు, కూర్చునే నిటారుగా పట్టుకోమంటాడు.

జీరో చూపిస్తాడు. తర్వాత గన్ను నిలువుగా దించకుండా కొంచెం వాల్చి, పెట్రోలు ట్యాంకు గోడ మీదుగా జారేలా పెడతాడు. మొదటి పది లీటర్లు మామూలుగానే పోనిస్తాడు. ఆ తర్వాత ఆయన మీటరు చూడడు, చెవి అటు వంచుతాడు. ఖాళీగా ఉన్నప్పుడు ట్యాంకు లోపల్నుంచి వచ్చే బొంగురు చప్పుడు నిండేకొద్దీ సన్నబడుతుంది. అది విని వేలు తేలిక చేస్తాడు. గన్ను కాస్త పైకెత్తి ఆగుతాడు, నురగ దిగేదాకా. మళ్లీ కాస్త. మళ్లీ ఆగుతాడు. వెనకున్నవాళ్లు "జల్దీ కర భాయి" అంటే "ధీరె ధీరె" అని ఒడియాలోనే బదులిస్తాడు, తల తిప్పకుండా. మూతి కింది అంచుకి పెట్రోలు తగలగానే ఆపేస్తాడు. అంకె 1,437 అయితే అయింది. రౌండు చెయ్యడు.

మూతి అంచు దాటి పొయ్యమని బతిమాలినా పొయ్యడు. ఈ విషయంలో ఆయన బండి కంపెనీ మాన్యువల్ కంటే కచ్చితం. ఆ పైన వదిలే చోటు ఊరికే వదిలింది కాదు. పెట్రోలు పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది. పదిహేను లీటర్ల మీద ఇరవై డిగ్రీలంటే పావు లీటరుకి పైనే. చలికాలం ఇది బాగా తెలుస్తుంది. విశాఖ నుంచి శని, ఆదివారాల్లో దేవమాలి చూడ్డానికి రైడర్లు గుంపులుగా వస్తారు. 1,672 మీటర్ల కొండ, ఒడిశాలో అదే ఎత్తైంది. తిరిగి వెళ్లేటప్పుడు ఆంధ్రకంటే ఇక్కడ చవకని కోరాపుట్‌లో చల్లటి పొద్దున మూత దాకా దట్టించుకుంటారు. సుంకి ఘాట్ దిగి సాలూరు చేరేసరికి ఎండెక్కుతుంది, ట్యాంకు కింద ఇంజను సెగ ఉండనే ఉంది. టీ కొట్టు ముందు ఎండలో బళ్లు పెట్టి కబుర్లలో పడతారు. కాసేపటికి కింద తడి, చుట్టూ వాసన. ట్యాంకు కారుతోందని ఒకడు, బంకువాడు మోసం చేశాడని ఒకడు, సిగరెట్టు ఆర్పరా బాబూ అని కొట్టువాడు. ఉబ్బిన పెట్రోలు మూత పక్కనున్న సన్నటి గొట్టంలోంచి దారి చూసుకుందంతే. 2020 నుంచి వస్తున్న బీఎస్-6 బళ్లకైతే ఇంకో తంటా. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచడానికి బొగ్గు నింపిన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. ఆవిరి పోవాల్సిన గొట్టంలోకి పెట్రోలే పోతే ఆ డబ్బా తడిసి బండి స్టార్టింగు ట్రబులిస్తుంది. మెకానిక్కు దగ్గర కూర్చోవాలి.

చవక మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, పైన లీటరుకి నాలుగు రూపాయలు, ఆ పైన రూపాయి రోడ్డు సెస్సు. ఒడిశాలో 28 శాతం వ్యాట్. అందుకే సరిహద్దు దగ్గర ఒడిశా బంకుల్లో ఏపీ నంబరు బళ్లు కనిపిస్తాయి. అలాగని ఒడిశా అంతా ఒకటే రేటు అనుకోవద్దు. డిపోలకి దూరమయ్యేకొద్దీ రవాణా ఖర్చు మీద పడుతుంది. 2021లో ఒడిశాలో పెట్రోలు మొట్టమొదట వంద దాటింది మల్కన్‌గిరిలోనే. కాబట్టి మోటు వెళ్లేవాడికి లెక్క తేలికే. అవతల ఆంధ్రలో ప్రియం, మధ్యలో మల్కన్‌గిరిలో ప్రియం. జయపురంలోనే నింపుకోవాలి.

చేతిలో డబ్బుంటే! ఇది రెప్ ఉద్యోగం చేసినవాళ్లకే తెలుస్తుంది. పెట్రోలు ఖర్చు ముందు మన జేబులోంచి పెట్టాలి. ఎక్స్‌పెన్స్ స్టేట్‌మెంట్ పంపాలి. మేనేజరు చూడాలి, ఆ పైవాడు చూడాలి, వచ్చే నెలలో ఎప్పుడో పడుతుంది. ఈలోపు జీతం పడ్డ సాయంత్రమే ఇంటికి ఫోన్‌పే చేసేస్తాం. అందుకే మోటు లైను నెల మొదట్లో పెట్టుకోవడానికి చూస్తాను. నెలాఖరులో పడిందా, టెన్షనే. అదే పెద్దాయన దగ్గరికి వెళ్లి "ఐదొందలకి కొట్టండి మావయ్యా" అంటే ఏమీ అడగడు, సెంటర్ స్టాండ్ కూడా వెయ్యమనడు.

పైగా కంపెనీ ఇచ్చేది బిల్లు మీద కాదు, కిలోమీటరుకి ఇంతని. ఆ కిలోమీటర్లు ఏనాడో ఎవరో రాసిపెట్టిన చార్టులోవి. వానాకాలం శబరి పొంగి, పొట్టేరు దగ్గర రోడ్డు మీదకి నీళ్లొచ్చి, ఊళ్ల మీదుగా చుట్టు తిరిగి వచ్చిన కిలోమీటర్లు ఆ చార్టులో ఉండవు. ఒకసారి ఫోన్లో గట్టిగా అడిగాను. "నీళ్లున్నప్పుడు ఎందుకెళ్లావు?" అన్నారు. వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదంటారు.

అందుకే నేను ముల్లుని నమ్మను, చార్టుని నమ్మను. ఫుల్ కొట్టించగానే ట్రిప్ మీటరు జీరో చేస్తాను. ట్యాంకు నిండా ఉన్నంతసేపూ ముల్లు కదలదు, కదలడం మొదలెట్టాక గబగబా పడిపోతుంది. గోవిందపల్లి ఘాట్‌లో ఎక్కేటప్పుడు ఒకటి చూపిస్తుంది, దిగేటప్పుడు ఇంకొకటి. మళ్లీ ఫుల్ కొట్టించినప్పుడు, అదే బంకులో, అదే అంచు దాకా, ఎన్ని లీటర్లు పట్టిందో చూసి తిరిగిన కిలోమీటర్లని భాగిస్తే అసలు మైలేజీ వస్తుంది. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నాక ఆ అంకె కొంచెం తగ్గింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ మరి. నాకు మిగిలే యాభైలోంచి అదీ కాస్త కొరికింది.

లోపలి ఊళ్లలో బడ్డీ కొట్ల ముందు పెట్రోలు సీసాలు వేలాడుతుంటాయి. కూల్ డ్రింక్ సీసాలే. ప్రాణం మీదకి వస్తే పోసుకోక తప్పదు, కానీ అందులో ఏం కలిసిందో పోసినవాడికే తెలియాలి. ఆ కొట్టు ముసలమ్మ సీసా ఇచ్చి, గరాటు లేదని అరటాకు ముక్క చుట్టి ఇస్తుంది. ఆమె మీద కోపం రాదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్లేది రైల్లో. కిరండూల్ నుంచి వచ్చే బండి జయపురంలో ఎక్కితే అరకు మీదుగా విశాఖలో దింపుతుంది. వెళ్లేముందు కూడా బైకు ఫుల్ చేయించే పెడతాను. సగం ఖాళీ ట్యాంకులో గాలి ఉంటుంది, ఆ గాలికి చలి రాత్రుళ్లు చెమ్మ పడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆ నీటిని పీల్చుకుంటుంది, మరీ ఎక్కువైతే విడిపోయి అడుక్కి చేరుతుంది. ఇదంతా మా రూమ్మేట్‌కి వివరంగా చెప్పాను, తాళం వాడి దగ్గరే ఉంటుంది కాబట్టి. వాడిది నరసరావుపేట, విత్తనాల కంపెనీ. శ్రద్ధగా విన్నాడు. పండగ అయ్యాక వచ్చి చూస్తే ముల్లు సగానికి దిగి ఉంది. ఏరా అంటే, "నువ్వే చెప్పావుగా బావా, పెట్రోలు ఆవిరవుతుందని" అన్నాడు.