కారుకీ గుమ్మానికీ మధ్య ఆరడుగులు

మా పాత డీజిల్ కారు 2012 మోడల్. 2025 జనవరిలో ఎంఓటీకి (ఏటా చేయించాల్సిన బండి పరీక్ష) తీసుకెళ్తే ఫెయిలైంది, డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) పూర్తిగా మూసుకుపోయిందని, మార్చడానికి 1,100 పౌండ్లవుతుందని గ్యారేజీ అతను చెప్పాడు. కారు అమ్మితే 900 వస్తే గొప్ప. అసలు ఆ బండితో అప్పటికే విసిగిపోయి ఉన్నాం. మేముండేది ఇంగ్లండ్ మధ్యలో, మిడ్‌లాండ్స్‌లో. బర్మింగ్‌హామ్ సెంటర్‌లోకి పాత డీజిల్ బండి తీసుకెళ్తే 2021 జూన్ నుంచి రోజుకు 8 పౌండ్లు కట్టాలి. మా బావమరిది లండన్ అంచున హౌన్స్‌లోలో ఉంటాడు, 2023 ఆగస్టులో యూలెజ్‌ని (పొగ ఎక్కువ వదిలే బండ్లకు రోజువారీ రుసుము వేసే జోన్) లండన్ అంతటికీ పెంచినప్పటి నుంచి వాళ్లింటికి పోయి మర్నాడు తిరిగొస్తే రెండు రోజులకు 12.50 చొప్పున 25 పౌండ్లు, భోజనం వాడే పెట్టినా సరే.

వాడే మొదలుపెట్టాడు, "బావా, ఎలక్ట్రిక్ తీసుకో, శాలరీ శాక్రిఫైస్‌లో పెడితే దాదాపు ఊరికే వచ్చినట్టే" అని. వాడిది పెద్ద ఐటీ కంపెనీ, 40 శాతం ట్యాక్స్ కట్టే జీతం. కారు అద్దె ట్యాక్సు కోతకు ముందే జీతంలోంచి పోతుంది, ఎలక్ట్రిక్ కారు మీద కంపెనీ కారు పన్ను (బీఐకే అంటారు) 2025 ఏప్రిల్‌లో మొదలైన ఏడాదికి 3 శాతమే, కాబట్టి వాడికి నిజంగానే చవక. నేను పనిచేసేది పదిహేను మంది ఉన్న చిన్న ఆఫీసులో, అక్కడ ఆ స్కీమే లేదు. మా ఆవిడ కేర్ హోమ్‌లో చేస్తుంది, వాళ్లకు స్కీము ఉంది. అప్లై చేస్తే కుదరదన్నారు, ఎందుకంటే కోత పోయాక జీతం కనీస వేతనం కంటే కిందికి దిగకూడదు. ఎక్కువ జీతం వాడికి ఎక్కువ రాయితీ, తక్కువ జీతం వాళ్లకు తలుపే మూసేశారు. దీని గురించి మాట్లాడేవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు.

సరే, సెకండ్ హ్యాండే చూద్దామనుకున్నా. నిస్సాన్ లీఫ్‌లు కుప్పలుగా ఉన్నాయి, సండర్‌లాండ్‌లోనే తయారవుతాయి, చవక కూడా. కానీ పాత లీఫ్‌లకు ఫాస్ట్ ఛార్జింగ్ పోర్టు చాడెమో రకం, కొత్తగా పెట్టే మెషీన్లలో ఎక్కువగా ఇంకో రకం, సీసీఎస్ వైర్లే ఉంటున్నాయి, అందుకని వదిలేశాను. చివరికి 2021 కియా ఈ-నీరో, 64 యూనిట్ల బ్యాటరీది, 14,200 పౌండ్లకు దొరికింది. ఏడేళ్ల వారంటీలో ఇంకా మూడేళ్లు మిగిలుంది, నన్ను ఒప్పించింది అదే. డీలర్‌ని అడిగి బ్యాటరీ హెల్త్ రిపోర్టు తీయించాను. అది చూపించడానికి వాళ్లు నసిగితే మాత్రం ఆ కారు కొనకండి. ఇంకో చిన్న సంగతి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఎలక్ట్రిక్ కార్లకూ రోడ్ ట్యాక్స్ వచ్చింది, మాలాంటి కారుకు ఆ ఏడాది 195 పౌండ్లు. అందుకే మార్చి ఆఖరి వారంలోనే పరుగెత్తి కొని, సున్నా ట్యాక్సుతో ఏడాది గడిపేశా. కానీ ఆ ఆనందం ఇన్సూరెన్స్ దగ్గర పోయింది, డీజిల్ బండికి 540 కట్టేవాణ్ణి, దీనికి అందరికంటే తక్కువ అడిగినవాళ్లే 710 అన్నారు.

కారు ఇంటికొచ్చింది. అసలు కథ అక్కడ మొదలైంది.

మాది టెర్రస్ ఇల్లు, అంటే గోడకు గోడ ఆనించి కట్టిన వరస ఇళ్లు. డ్రైవ్‌వే లేదు. గుమ్మం, ముందు చిన్న జాగా, తర్వాత ఆరడుగుల పేవ్‌మెంట్, ఆ తర్వాత రోడ్డు మీద కారు. మా నాన్న వాట్సాప్‌లో "ఇక్కడ పక్కింటివాళ్లు ఎలక్ట్రిక్ స్కూటర్‌ని రోజూ వరండాలో ప్లగ్గుకే పెడుతున్నారు కదరా, నీకేం కష్టం" అన్నాడు. కష్టం ఆ వరండా లేకపోవడమే నాన్నా. పేవ్‌మెంట్ మీద వైరు పరిస్తే ఎవరైనా తట్టుకుని పడొచ్చు, పడితే బాధ్యత మనది, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) కూడా ఒప్పుకోదు.

వీధిలో పెట్టిన ఛార్జర్లు చూసుకుందాం అనుకున్నా. రెండు వీధుల అవతల దీపస్తంభాలకు బిగించినవి ఉన్నాయి, యూనిట్ 49 పెన్నీలు. సగం రోజులు వాటి ముందు పెట్రోల్ కార్లే ఆపి ఉండేవి. అర్జంటయితే ర్యాపిడ్ ఛార్జర్, అది 79 పెన్నీలు. ఇంట్లో వాడే కరెంటు మీద వ్యాట్ 5 శాతం, బయట ఛార్జర్ దగ్గర అదే కరెంటు మీద 20 శాతం. డ్రైవ్‌వే ఉన్నవాడు కట్టేది 5, లేనివాడు కట్టేది 20. ఇది ఏ మేధావికి తట్టిందో!

ఒక ఆదివారం కూర్చుని లెక్కేశాను. ఈ కారు యూనిట్‌కు సగటున మూడు మైళ్ల పైచిలుకు పోతుంది, ఎండాకాలం మూడున్నర దాటుతుంది. పాత డీజిల్ బండికి మైలుకు దాదాపు 13 పెన్నీలయ్యేది. దీపస్తంభం దగ్గర ఛార్జ్ చేస్తే 15. ర్యాపిడ్‌లో 24. అప్పు చేసి 14 వేలు పోసి కొన్న కారు, మసి కక్కే ముసలి డీజిల్ కంటే ఖర్చెక్కువ! మా ఆవిడకు ఆ కాగితం చూపించలేదు.

ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టుకుంటే రాత్రి టారిఫ్ ఉంది, 11:30 నుంచి 5:30 దాకా యూనిట్ 7 పెన్నీలు, అంటే మైలుకు రెండే. ఆరడుగుల పేవ్‌మెంట్ దాటితే రెండు పెన్నీలు, దాటలేకపోతే ఇరవై నాలుగు.

పేవ్‌మెంట్‌లో సన్నటి కాలువలాంటిది కోసి, దాంట్లో వైరు పెట్టి మూత వేసే పద్ధతి ఒకటి ఉందని తెలిసింది, గల్లీ అంటారు (మన హైదరాబాద్ గల్లీ కాదు). మేలో కౌన్సిల్‌కు అప్లికేషన్ పెట్టాను. ఏ కౌన్సిలో చెప్పను, ఇంకా అక్కడే బతకాలి. మొదటి జవాబు: స్కీము పరిశీలనలో ఉంది. జులైలో ప్రభుత్వం ఈ గల్లీల కోసం కౌన్సిళ్లకు 25 మిలియన్ పౌండ్లు ప్రకటించింది, ఆ వార్త లింకు పెట్టి మళ్లీ మెయిల్ చేశా. సెప్టెంబర్‌లో ఒకాయన వచ్చి టేపుతో కొలిచి వెళ్లాడు. ఒప్పుకుంటూ ఒక షరతు కూడా రాశారు, గల్లీ మీ సొంతం గానీ దాని ముందున్న పార్కింగ్ చోటు మీద మీకు ఏ హక్కూ లేదు అని.

మా వీధిలో ఆ చోటు మా పక్కింటి పెద్దాయనది. కాగితం ప్రకారం కాదు, అలవాటు ప్రకారం. కారు తీసుకుని బయటికెళ్తే ఆ ఖాళీలో చెత్త బిన్ పెట్టి వెళ్తాడు, మన దగ్గర ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు.

ఇంతలో ఛార్జర్ బిగించే కుర్రాడు చూడ్డానికొచ్చి మీటర్ పెట్టె తెరిచాడు. ఒకటి కాకుండా రెండు లావుపాటి కేబుళ్లు కనపడేసరికి పెదవి విరిచాడు. "లూప్డ్ సప్లై" అన్నాడు. అంటే వీధిలోంచి కరెంటు మా ఇంటికి వచ్చి, మా దగ్గర్నుంచి పక్కింటికి పోతోంది, రెండిళ్లకూ ఒకటే లైను. దాని మీద 7 కిలోవాట్ల ఛార్జర్ పెట్టనివ్వరు. విడదీయడం కరెంటు లైన్లు చూసే నెట్‌వర్క్ కంపెనీ ఉచితంగానే చేస్తుంది, కాకపోతే పక్కింటి ముందు కూడా తవ్వాలి, ఆయన సంతకం కావాలి. అంటే బిన్ పెద్దాయన సంతకం.

వెళ్లి అడిగాను. ఆయన గుమ్మం ముందు నలుపూ తెలుపూ గళ్ల టైల్స్ ఉన్నాయి, భార్య బతికున్నప్పుడు వేయించినవట. "అవి పగిలితే ఎవరు తెస్తారు?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. మూడు వారాలు ఆ విషయం ఎత్తలేదు. ఒక శనివారం నేను కారు కడుగుతుంటే తనే వచ్చి బోనెట్ తెరవమన్నాడు. లాంగ్‌బ్రిడ్జ్ కార్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడట, 2005లో ఎంజీ రోవర్ దివాళా తీసేదాకా. అరగంట సేపు మోటారు ఎక్కడ, గేర్లేవీ, ఆయిల్ మార్చక్కర్లేదా అని అడిగాడు. ఎంజీ బ్యాడ్జి ఇప్పుడు చైనావాళ్ల కార్ల మీద ఉందని చాలాసేపు గొణిగాడు. వెళ్లబోతూ, టైల్స్ ఒక్కొక్కటిగా ఊడదీసి, నంబర్లు వేసి, మళ్లీ అలాగే పెడతామని రాసిస్తే సంతకం పెడతానన్నాడు. కంపెనీవాళ్లు రాసిచ్చారు. ఒక్కటి మాత్రం విరిగింది, మూలది. ఆయన చూశాడు, ఏమీ అనలేదు.

ఈ పని పూర్తికాక ముందే క్రిస్మస్ వచ్చింది, ఎడిన్‌బరాలో ఉన్న మా పిన్ని కూతురింటికి బయల్దేరాం, దగ్గరదగ్గర 290 మైళ్లు. ఆ చలిలో హీటర్ వేసుకుని మోటార్‌వే మీద పోతే యూనిట్‌కు మూడు మైళ్లు కూడా రాలేదు. 120 మైళ్లకే 36 శాతానికి వచ్చింది. ఎం6 మోటార్‌వే మీద ఒక సర్వీసెస్‌లో (దారిలో బండ్లు ఆగే చోటు) ఆగాం. ఆరు ఛార్జర్లు, రెండు పనిచేయట్లేదు, ముందు ఏడు కార్లు. అక్కడ లైను పద్ధతేమీ ఉండదు, ఎవరు ఎవరి తర్వాత వచ్చారో జ్ఞాపకం పెట్టుకుని, ఎవరైనా దూరితే కారు దిగి మర్యాదగా గుర్తుచేయాలి, ఇంగ్లీషువాళ్లకు అంతకంటే నరకం లేదు. గంటా పది నిమిషాలు నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి మెషీన్ కార్డు తీసుకోలేదు, యాప్ దించుకోమంది. ర్యాపిడ్ ఛార్జర్లన్నిటికీ కాంటాక్ట్‌లెస్ ఉండాలని 2024 నవంబర్ నుంచే చట్టం ఉంది, ఆ ఛార్జర్ల నెట్‌వర్క్ 99 శాతం సమయం పనిచేయాలని కూడా ఉంది. ఆ మెషీన్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు. బ్యాటరీ చల్లబడి 40 కిలోవాట్లకు మించి ఎక్కలేదు, 34 యూనిట్లకు దాదాపు గంట, 27 పౌండ్లు. పిల్లలు పులిహోర అంతా అక్కడే తినేశారు. స్కాట్లాండ్‌లోకి దాటాక రెండోసారి ఆగినచోట మాత్రం మనిషే లేడు, కార్డు తాకించగానే మొదలైంది, పాతిక నిమిషాల్లో బయల్దేరాం. మొత్తం ఒకవైపుకి 72 పౌండ్లు. డీజిల్ అయితే 38. "ఇంకా ఎంతసేపు" అన్న మాట తప్ప మా ఆవిడ ఆ రోజు వేరేమీ మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో గల్లీ పడింది, ఛార్జర్ బిగిసింది. వీధి పార్కింగ్ ఇళ్లకు అప్పట్లో ఇచ్చిన 350 పౌండ్ల గ్రాంటు పోను చేతి నుంచి మొత్తం 1,500 అయింది. ఏడాదికి మేం తిరిగేది 8,000 మైళ్లు, డీజిల్‌కు 1,040 అయ్యేది ఇప్పుడు రాత్రి కరెంటుతో 160. అంటే రెండేళ్లలోపే ఆ 1,500 తిరిగొస్తుంది. 2028 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకు మైలుకు 3 పెన్నీలు వేస్తామని 2025 నవంబర్ బడ్జెట్‌లో చెప్పారు, అప్పుడు ఇంకో 240 కలుస్తుంది, అయినా నష్టం లేదు. సిటీలో నడపడం మాత్రం హాయిగా ఉంది, ఆ నిశ్శబ్దానికి అలవాటుపడ్డాక పాత బండి మోత గుర్తొస్తేనే తలనొప్పి. బిన్ సంగతి ఇంకా తేలలేదు. వారానికి రెండు రాత్రులైనా ఆ చోటు నాకు దొరకదు, అప్పుడు మూడిళ్ల అవతల ఆపి మర్నాటి కోసం చూస్తాను.

కోవెంట్రీలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే ఫ్రెండు ఒకడు ఇదంతా విని, నేనూ తీసుకోనా అని అడిగాడు. కొత్త కార్ల మీద 3,750 పౌండ్ల దాకా గ్రాంటు ఇస్తున్నారని చదివాడట. రాత్రి కారు ఎక్కడ పెడతావు అని అడిగా. రోడ్డు మీదే, ఎక్కడ దొరికితే అక్కడ అన్నాడు. అయితే ఉన్న పెట్రోల్ కారే ఇంకో రెండేళ్లు నడుపుకో అన్నాను. నువ్వు కొనుక్కుని నన్ను వద్దంటావేంటి అని నొచ్చుకున్నాడు.