అడగాల్సింది తననే

ఈపొద్దు ఆదివారం, పొద్దున్నే లేసి ప్రొద్దుటూరు బస్సెక్కినా. కడపలో బంగారు అంగళ్లు లేక కాదు, మా జేజి కాలం నుంచి ఇంట్లో ఏ శుభకార్యానికి బంగారం కావాలన్నా ప్రొద్దుటూరికే పోయేది, రెండో ముంబై అంటారు కదా ఆ ఊరిని, నేను కొనే మొదటి బంగారం కూడా అక్కడే కొనాల అని ఎప్పట్నుంచో మనసులో ఉండె.

తన కోసం, నేను పెళ్లి చేసుకోవాలనుకునే పిల్ల కోసం, ఒక ఉంగరం. రాయి వద్దనుకున్యా. పొద్దస్తమానం స్కూల్లో పిల్లకాయల మధ్య తిరిగే మనిషి, రాయి ఉంటే చున్నీకి తగులుకుంటాది, సందుల్లో సుద్దముక్క పొడి దూరుతాది. సాదా రింగు, పైన సన్నగా ఒక తీగ గీత, అంతే.

సైజు ఎట్లా తీసుకున్యానంటే, మొన్న జమ్మలమడుగు నుంచి ఇద్దరం బస్సులో వస్తాండాం. స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం వచ్చినప్పట్నుంచి ఆడోళ్లకి కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు కదా, అది తన చేతిలో ఉండె. నేను ఆటకి తీసుకున్నట్టు తీసుకుని సన్నగా మడిచి తన ఉంగరపు వేలికి చుట్టినా. తను కిటికీలోంచి శనగ చేన్లు చూస్తా "ఏందబ్బా నీ ఆట" అనింది, చెయ్యి మాత్రం వెనక్కి తీస్కోలే. కాగితం అంచు కలిసిన చోట గోరుతో నొక్కి గుర్తు పెట్టుకుని పర్సులో దాసుకున్యా.

అంగట్లో పెద్దాయన ఆ టికెట్ని రెండు వేళ్లతో పట్టుకుని మళ్లీ గుండ్రంగా చుట్టి సైజు కడ్డీకి తొడిగి చూసినాడు. "ఇప్పుడు చలికాలం గదా నాయనా, మన ఎండలకి వేళ్లు ఉబ్బుతాయి, ఒక నంబరు వదులు పెట్టుకో, ఆ పిల్ల రోజూ ఏసుకోవల్ల గదా" అన్నాడు. ఆయన చెప్పేదాకా నాకు ఆ ఆలోచనే తట్టలే, ఎంత బాగా చెప్పినాడో అనిపించింది. తరుగు ఎంత, మజూరి ఎంత ముందే అడిగి రాయించుకున్యా, దాని మీద 3 శాతం జీఎస్టీ. భూతద్దం తీసుకుని లోపలి వైపు స్వచ్ఛత చెప్పే 22కే916 ముద్ర, పక్కన ఆ నగకే ప్రత్యేకంగా ఇచ్చే ఆరక్షరాల నంబరు చూసుకున్యా. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు, ఫోన్లో బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో కొడితే వివరాలు వచ్చేస్తాయి, అక్కడే నిలబడి కొట్టి చూసినా. తనకి ఇచ్చేది, అందులో ఏ చిన్న అనుమానం ఉండకూడదు.

"నిశ్చితార్థం ఎప్పుడు" అన్నాడు పెద్దాయన బిల్లు రాస్తా. ఇంకా అమ్మాయిని అడగాల పెద్దాయనా అన్యా. తలెత్తి ఒకసారి నన్ను చూసి "అడుగు, అడుగు" అన్నాడు.

నిజానికి మా ఫ్రెండ్స్ అందరూ అనేది ఒకటే, పీజీ నుంచి కలిసే ఉండారు, రెండిళ్లలోనూ తెలుసు, మీ నాయన వాళ్ల నాయన ఒక పూట కూర్చుని మాట్లాడుకుంటే అయిపోయేదానికి ఇంకా ప్రపోజ్ ఏంది రా అని. కానీ నాకు అదే బాధ. పెళ్లెప్పుడు అని తనని ఊరంతా అడిగినారు, చేసుకుంటావా అని ఒక్కరన్నా అడిగినారా? నేను కూడా ఇంతకాలం "మన పెళ్లయినాక" అని మాట్లాడినా గానీ ఆ మాట సూటిగా అడగలే. తను ఒకసారి వాళ్లక్క పెళ్లిచూపుల గురించి చెప్తా, "పిల్ల నచ్చిందా అని వాళ్లని అడిగినారు, కట్నం మాట్లాడినారు, ముహూర్తం పెట్టినారు, అక్కని మాత్రం ఎవరూ ఏమీ అడగలే" అనింది. ఆ మాట నాకు అట్లే ఉండిపోయింది. పెద్దోళ్లు మాట్లాడుకునే ముందే తనని అడగాల, వద్దు అనడానికి కూడా చోటుండేటట్టు అడగాల.

యాడ అడగాలనేది శానా రోజులు ఆలోచించినా. గండికోట అన్నారు అందరూ. నిజమే, సాయంత్రం ఎండ పడితే పెన్నా లోయ రాళ్లు ఎర్రగా మండుతాంటాయి, అంతకంటే అందమైన చోటు మా జిల్లాలో ఇంకోటి లేదు. కానీ వారాంతంలో బెంగళూరు నుంచి టెంట్లేసుకుని వచ్చే జనం, అందరి చేతిలో ఫోన్లు, ఎవరో ఒకరు వీడియో తీస్తారు. నలుగురూ చూస్తాంటే తనకి వద్దనాలనున్నా అనలేకపోతాది. అట్లా అవుననిపించుకునే అవును నాకొద్దు.

అందుకే ఒంటిమిట్ట అనుకున్యా. దేశమంతా రాములోరి కల్యాణం పగలు చేస్తే ఒంటిమిట్టలో రాత్రిపూట వెన్నెల్లో చేస్తారు, పగటిపూట పెళ్లి చూడలేకపోయానని చంద్రుడు బాధపడితే నీకోసం రాత్రి చేసుకుంటాలే అని రాములోరు మాటిచ్చినాడని కథ. ఈ కథ తనకి శానా ఇష్టం, క్లాసులో పిల్లకాయలకి కూడా చెప్తాంటాది. కల్యాణం చైత్రంలో, ఆ రోజు వేల మంది, అడుగు పెట్టే సందుండదు. మామూలు పౌర్ణమికి, అదీ వారం మధ్యలో వస్తే జనం పల్చగా ఉంటారు. దర్శనం చేసుకుని, ఏకశిలలో సీతారామలక్ష్మణులు ముగ్గురినీ చూసుకుని, మండపంలో కాసేపు కూర్చుని, చంద్రుడు పైకొచ్చే టయానికి చెరువు పక్కకి పోదాం అంటా. ఉంగరం జేబులోనే ఉంటాది, ముందు తియ్యను, ఉంగరం చూసి మొహమాటపడకూడదు.

మోకాళ్ల మీద కూర్చునేదేం లేదు, పక్కన కూర్చునే అడుగుతా. రాసుకుని కొట్టేసి మళ్లీ రాసుకుంటే చివరికి మిగిలింది ఇదే: "మనోళ్లు మాట్లాడుకునేది తర్వాత. నన్ను పెళ్లి చేసుకోవడం నీకు ఇష్టమేనా? ఆలోచించుకోవాలంటే ఆలోచించుకో, నేను యాడికీ పోను."

వాళ్ల చెల్లికి ఒక్కదానికే చెప్పినా, "ఆ పొద్దు తను ఇంకో పని పెట్టుకోకుండా చూసుకుంటా అన్నా" అనింది. మా నాయనని కూడా అంతవరకు వాళ్లింటికి ఫోన్ చెయ్యొద్దని ఆపాల. రేపు బండి సర్వీసింగ్‌కి ఇయ్యాల, వెనక టైరు అరిగిపోయింది, తనని ఎక్కించుకుని రాత్రిపూట హైవే మీద రావాల గదా.